సాక్ష్యం చెప్పమంటున్నారు, చెప్పాలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక చెల్లెలు పెద్ద ఉత్తరం రాశారు. ఊరి పేరు, సంఘం పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. వయసు 32. ఆమె భర్త కొబ్బరి దింపు పనికి వెళ్ళేవారు. ఆమె పలాస వైపు జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళతారు, రాత్రిళ్ళు జాకెట్లు కుడతారు. ఏడేళ్ళ పాప ఉంది. భర్తకి కిడ్నీ జబ్బని తేలేసరికే క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎంత పాడయ్యాయో రక్తపరీక్షలో చెప్పే లెక్క, ఎనిమిది దాటిపోయింది. వారానికి రెండుసార్లు సోంపేటలో డయాలసిస్. అత్తగారు చాలా ఏళ్ళుగా ఊళ్ళోని ఒక స్వతంత్ర క్రైస్తవ సంఘంలో విశ్వాసి, పెళ్ళయ్యాక వీళ్ళూ ఆ మందిరానికే వెళుతున్నారు. జబ్బు బయటపడ్డాక పాస్టరుగారు మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టి "స్వస్థత జరిగిపోయింది, నమ్ము" అన్నారు. ఆయన నమ్మి రెండు డయాలసిస్‌లు మానేశారు. వారం తిరిగేసరికి ఒళ్ళంతా పొంగి ఊపిరాడకపోతే, ఇంట్లో వద్దంటున్నా ఈమే ఆటో కట్టించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తర్వాత నాలుగు నెలలు ఒక్క డయాలసిస్ కూడా తప్పనివ్వలేదు. అయినా ఆయన పోయారు. ఏడాది దాటింది.

అప్పటినుంచి ఇంట్లోనూ మందిరంలోనూ ఒకటే మాట. "నీకు నమ్మకం నేకే నా కొడుకు పోనాడు" అని అత్తగారు. ఆసుపత్రికి పరిగెత్తి దేవుడి కార్యానికి అడ్డుపడ్డావని స్త్రీల కూడికలో ఒకావిడ. ఈమెకి నిద్ర పోయింది, తిండి పోయింది, రోజూ తలనొప్పి. పడుకున్నదాన్ని లేవకపోతే బాగుణ్ణనిపిస్తోందని తమ్ముడితో అంటే, అతను శ్రీకాకుళంలో మానసిక వైద్యుడికి చూపించాడు. మాత్రలు మొదలుపెట్టిన నెలన్నరకి నిద్ర పట్టింది. మాత్రల అట్టని కుట్టుమిషను సొరుగులో బాబిన్ల డబ్బా కింద దాచుకున్నారు, అత్తగారు చూశారు. పాస్టరుగారు ఇంటికొచ్చి నూనె రాసి, ఇది నిన్ను పట్టిన నిరాశ ఆత్మ, మాత్రలు మానెయ్ అన్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం అందరిముందూ తన అవిశ్వాసాన్ని ఒప్పుకుని, విడుదల పొందానని సాక్ష్యం చెప్పాలట.

ఆమె అడిగింది మూడు. ఆయన నా వల్లే పోయారా? మాత్రలు ఆపాలా? సాక్ష్యం చెప్పాలా? "నేను ఆసుపత్రికి తీసుకెళ్ళకపోయి ఉంటే దేవుడు బాగుచేసేవాడేమో అక్కా" అని ఉత్తరంలో రెండుచోట్ల రాశారు.

చెల్లీ, అన్నిటికంటే ముందు ఒకటి అడగాలి. లేవకపోతే బాగుణ్ణు అనిపించడం వరకేనా, లేక ఏదైనా చేసుకోవాలనే ఆలోచన దాకా వెళుతోందా? రెండోదైతే ఈ ఉత్తరం పక్కన పెట్టండి, ఈ రాత్రి ఒంటరిగా ఉండొద్దు, తమ్ముణ్ణి పిలిపించుకోండి. 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మీ పేరు సంఘానికి తెలుస్తుందన్న భయం అక్కర్లేదు. మొదటిదే అయినా సరే, వచ్చేసారి డాక్టరుగారితో ఆ మాట దాచకుండా చెప్పండి.

ఇంకోటి కూడా ముందే చెప్పేస్తాను. నేను విశ్వాసిని కాను. మీ పాస్టరుగారు ఇది చదివితే మొదట పట్టుకునేది అదే, పట్టుకోనివ్వండి. కానీ బైబిలు చదివినదాన్ని, మీరు దేవుణ్ణి వదిలేయాలని ఈ ఉత్తరంలో ఎక్కడా అనబోవడం లేదు. ఆ మాటకొస్తే మా ఇళ్ళల్లో ఇదే పనిని పూర్వజన్మ కర్మ, జాతకంలో శని చేస్తుంటాయి. భర్త పోయిన ఆడదాన్ని నిలబెట్టి నీ పాదం మంచిది కాదనడానికి ఏ మతమూ ఎవరికీ తీసిపోలేదు.

మొదటి ప్రశ్నకి నా జవాబు, కాదు. ఆయనది ఒక ఇంట్లో ఒక మనిషికి వచ్చిన జబ్బయితే ఎవరి పాపం, ఎవరి అవిశ్వాసం అని వెతుక్కోవచ్చేమో. మీరున్నది ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలోనైనా వీధికి ఒకరో ఇద్దరో ఈ జబ్బువాళ్ళు ఉన్నారు. నీళ్ళా, ఎండలో చెమటోడ్చే పనా, పురుగుమందులా, వంశంలో ఏమైనా ఉందా అని ఏళ్ళ తరబడి పరీక్షలు చేస్తూనే ఉన్నారు, ఇదీ కారణం అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రితో పాటు పరిశోధన కేంద్రం పెట్టింది కూడా అందుకే. సరిగ్గా ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి వస్తోంది, వాళ్ళలో ఎక్కువమంది బౌద్ధులు. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకి వస్తోంది, వాళ్ళు తరతరాలుగా క్రైస్తవులు. మీ ఊళ్ళో గుడికి వెళ్ళేవాళ్ళకీ వస్తోంది, మందిరానికి వెళ్ళేవాళ్ళకీ వస్తోంది. మీ ఒక్కరి నమ్మకం చాలకపోవడం వల్ల మీ ఆయన పోతే మరి వీళ్ళందరూ ఎవరి వల్ల పోయారు?

డయాలసిస్ సంగతి కూడా చెప్పుకుందాం. కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళకి డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తులు నిండుతాయి, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఆ రోజు ఊపిరాడక కూర్చున్న మనిషిని మీరు ఆటో ఎక్కించకపోయి ఉంటే ఆ నాలుగు నెలలు ఉండేవే కావు. ఆ నాలుగు నెలల్లోనే పాప పుట్టినరోజుకి ఆయన పలాస వెళ్ళి గౌను తెచ్చారని మీరే రాశారు. అలాగని ఆ రెండుసార్లు మానేసినందుకే పోయారని, పాపం పాస్టరుగారిదని నేను అనను. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు అన్నీ సరిగ్గా చేసినా పోతుంటారు. మీ మీద ఉన్న నేరాన్ని తీసి ఇంకొకరి మీద వేస్తే మీకేదో ఊరట వస్తుందని నాకు నమ్మకం లేదు.

ఇక మీరు వింటున్న బోధ. ఉత్తరం చదువుతుంటే నాకు తెలిసిందేమిటంటే, మీకు ఒక బోధ చెప్పడం లేదు, ఒకదానికొకటి పొసగని మూడు చెబుతున్నారు. వారంలో ఒక రోజు, స్వస్థత యేసు సిలువ మీదే కొనేశాడు, నమ్మి నోటితో ఒప్పుకుంటే చాలు, రాలేదంటే లోపం నీ నమ్మకంలో ఉంది అంటారు. ఇది అమెరికాలో కెన్నెత్ హేగిన్ లాంటి ప్రసంగీకులు 20వ శతాబ్దంలో ఊరూరా తిప్పిన మాట. ఇంకో రోజు, మనసులో బాధ అంటే లోపల దాచుకున్న పాపం అంటారు. 1970లో జే ఆడమ్స్ అనే అమెరికా పాస్టరు దీన్ని పెద్ద సిద్ధాంతంగా రాశాడు. శరీరంలో జబ్బేమీ కనపడకపోతే మానసిక బాధకి మూలం చాలావరకు పాపమే, దానికి మందు వాక్యంతో మందలించడమే అన్నాడు. ఆయన దారిలో వచ్చిన తర్వాతి తరం వాళ్ళే ఆ మాటని మెత్తబరిచి, బాధపడేవాణ్ణి పాపిగా మాత్రమే చూడకూడదన్నారు, ఆ సంగతి మన ఊళ్ళదాకా వచ్చినట్టు లేదు. మూడో రోజు, దేవుడే నిన్ను విరుస్తున్నాడు, విరిస్తేనే వాడుకుంటాడు అంటారు. చూడండి, దేవుడు కావాలనే విరుస్తుంటే అది మీ అవిశ్వాసం ఎలా అవుతుంది? మీ పాపం వల్ల వచ్చిన శిక్షయితే అది మిమ్మల్ని వాడుకోవడానికి చేసిన ఏర్పాటు ఎలా అవుతుంది? ఈ మూడింటిలోనూ కలిసేది ఒక్కటే, ఎటు తిప్పినా వేలు మీ వైపే వస్తుంది.

దీనికి తోడు ఇంకోటుంది, నాకు మిగతావాటికంటే ఇదే ఎక్కువ భయం వేసింది. మనిషి పుట్టుకతోనే చెడ్డవాడు, మన మంచిపనులన్నీ మురికిగుడ్డలే, నువ్వు శూన్యం, ఆయన లేకపోతే నువ్వు దుమ్ము అని వారం వారం వింటారు కదా. ఆరోగ్యంగా ఉన్న మనిషి అది విని, పాట పాడి, ఇంటికొచ్చి కోడికూర వండుకుంటాడు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి అలా కుదరదు. నువ్వు పనికిరావు, అందరికీ భారం, జరిగినదంతా నీవల్లే అని ఆ జబ్బే చెవిలో చెబుతూ ఉంటుంది, మళ్ళీ అదే మాట పీఠం మీదనుంచి, దేవుడి పేరుతో, మైకులో వినిపిస్తుంది. ఏది జబ్బో ఏది వాక్యమో తెలియకుండా పోతుంది. మీరు రాసిన పేజీల్లో "నేను దేనికీ పనికిరాను" అన్న మాటని మీరు ప్రార్థనలాగా రాశారు. అది ప్రార్థన కాదు, జబ్బు లక్షణం, డాక్టరుగారికి చెబితే రాసుకుంటారు.

మరి ఎందుకింత పట్టు పడుతున్నారు? మీ మందిరంలో మీరు విన్న సాక్ష్యాలు ఒకసారి గుర్తుచేసుకోండి. తాగుడు మానేసినవాడు చెబుతాడు, తాగుతున్నవాడు చెప్పడు. అప్పు తీరినవాడు చెబుతాడు. మైకు దగ్గరికి వచ్చేసరికి బాధ అయిపోయి ఉండాలి, చివర హల్లెలూయ ఉండాలి. ఎంత నలిగిపోయావో ఎంత బాగా చెబితే అంతగా ఏడుస్తారు, కానీ ఇంకా నలుగుతూనే ఉన్నానంటే ఎవరికీ ఏం చేయాలో తోచదు. ప్రార్థన చేస్తారు, మళ్ళీ ఆదివారం తగ్గిందా అంటారు, ఆ పై ఆదివారం ఇంకా తగ్గలేదా అంటారు, నాలుగో వారానికి తప్పు మీదవుతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మీ బాధ తగ్గకపోతే వాళ్ళ బోధలో ఎక్కడో తేడా ఉన్నట్టు, బోధలో తేడా ఉండడానికి వీల్లేదు గనక ఉంటే గింటే అది మీలోనే ఉండాలి. మీ సాక్ష్యం వాళ్ళకి అందుకు కావాలి. పాస్టరుగారు స్వస్థత ప్రకటించిన మనిషి చనిపోయాడు, ఆ ప్రశ్న ఏడాదిగా మందిరంలో ఎవరూ అడగకుండా నిలబడి ఉంది, మీరు లేచి నా అవిశ్వాసమే అంటే ఆ ప్రశ్న కూర్చుంటుంది.

బైబిల్లో ఇలా లేదు. అన్నీ పోగొట్టుకున్న యోబు పక్కన కూర్చుని నీ పాపమే కారణమని వరసగా వాదించిన స్నేహితుల మీద చివర్లో దేవుడికే కోపం వస్తుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే యేసు వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదంటాడు. ఇవి మీకు తెలిసినవే. 88వ కీర్తన ఎప్పుడైనా మందిరంలో చదివారా? మిగతా విలాప కీర్తనలు ఎక్కువభాగం ఏదో ఒకచోట స్తుతిలోకి మళ్ళుతాయి, ఇది మళ్ళదు, నావాళ్ళని దూరం చేశావు, చీకటే నాకు చుట్టమైంది అన్నట్టుగా అక్కడే ఆగిపోతుంది. దాన్ని తీసేయకుండా ఇన్ని వందల ఏళ్ళు పుస్తకంలో ఉంచారంటే, తీరని బాధతో దేవుడి ముందుకు రావడానికి చోటుందనే కదా. మీ పాస్టరుగారు స్పర్జన్ అనే పాతకాలపు ఇంగ్లండు ప్రసంగీకుడి మాటలు చెబుతూ ఉంటారని రాశారు. లండన్‌లో ఆ స్పర్జన్ 22 ఏళ్ళ వయసులో, 1856లో, కిక్కిరిసిన హాల్లో ప్రసంగిస్తుంటే ఎవరో నిప్పు అని అరిచారు, తొక్కిసలాటలో ఏడుగురు పోయారు. ఆయన ఆ దెబ్బకి కుంగిపోయాడు, ఆ కుంగుబాటు తర్వాత కూడా ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉండేది, పీఠం మీదనుంచే దాని గురించి మాట్లాడేవాడు. ఆయనది అవిశ్వాసం అని మీ పాస్టరుగారు అనగలరా?

మాత్రల విషయంలో మాత్రం నేను రెండు దారులు చూపించను. డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. ఇవి పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది, పనిచేయడం మొదలయ్యాక ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, కంగారు, నిద్రలేమి రావచ్చు, చూశారా మానేయగానే సాతాను ఎలా తిరగబడ్డాడో అని దానికి కూడా అర్థం చెబుతారు. ఇప్పటికే ఆపేసి ఉంటే కంగారుపడి ఒకేసారి రెండు వేసుకోకండి, డాక్టరుగారికి ఫోన్ చేసి ఎలా మొదలుపెట్టాలో అడగండి. ప్రార్థన ఉండగా మందులెందుకు అన్నవాళ్ళకి మీ సోంపేట సంగతే చెప్పొచ్చు. కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గలిసన్ అక్కడి ఆసుపత్రిలో కళ్ళ శుక్లాలు కత్తితోనే తీశారు, ఆ పనికి సాయం పంపడానికి 1963లో కెనడాలో మొదలైనదే ఆపరేషన్ ఐసైట్ సంస్థ. మీ వైపు సువార్త చెప్పినవాళ్ళే ఆపరేషన్ బల్ల కూడా తెచ్చారు.

ఇక ఆదివారం. వాళ్ళు అడిగినట్టే చెప్పేశారనుకోండి, కొన్నాళ్ళు ఇంట్లో పోరు తగ్గుతుంది, కౌగిలించుకుంటారు, అది కూడా చిన్న విషయం కాదు, మీకు ఇప్పుడు ఆ ఆదరణ చాలా అవసరం. కానీ భర్త చావుకి నేనే కారణమని ఊరందరి ముందూ సంతకం పెట్టినట్టవుతుంది, ముందు వరసలో కూర్చున్న పాప అది వింటుంది, రేపు మళ్ళీ నిద్ర పట్టకపోతే విడుదల పొందానన్నావు కదా అంటారు. అప్పుడు మాత్రలు ఇంకా లోపలికి దాచాలి.

చెప్పనని అక్కడే ఉండిపోవడం ఇంకో దారి. వాదించకండి, వాక్యాలు ఎదురు చెప్పకండి. "అయ్యగారూ, నాకింకా దుఃఖం తీరలేదు, తీరనిది తీరిందని దేవుడి ముందు అబద్ధం చెప్పలేను" అనండి, ఎన్నిసార్లు అడిగినా అదే మాట. అబద్ధసాక్ష్యం పలకొద్దని పది ఆజ్ఞల్లోనే ఉంది గనక దీనికి ఆయన దగ్గర తేలికైన జవాబుండదు. గుసగుసలు ఉంటాయి, స్త్రీల కూడికలో కొందరు ముభావంగా ఉంటారు. విడుదల ప్రార్థన అని పదిమందిని ఇంటికి తీసుకొస్తే మాత్రం తమ్ముడు లేకుండా కూర్చోవద్దు. కుదిరితే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మీరే ముందు పాస్టరుగారి ఇంటికి వెళ్ళి, డాక్టరు చీటీ చూపించి మాట్లాడండి. కొంతమంది పాస్టర్లకి నిజంగానే ఇది జబ్బని తెలియదు, చెబితే వింటారు. ఈయన వినే మనిషో కాదో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇంకో సంఘానికి మారొచ్చు. సోంపేట, టెక్కలి వైపు పాత బాప్టిస్టు చర్చీలున్నాయి, వాటిలో ఈ స్వస్థత ఊపు తక్కువ ఉండొచ్చు, కచ్చితంగా ఉండదని హామీ ఇవ్వలేను. పాప చదువు, బస్సు ఛార్జీ, ఆదివారం పూట అత్తగారిని వదిలి వెళ్ళడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అమ్మగారింట్లో ఒక నెల ఉండి రావడం మరో దారి, ఊపిరి తీసుకోవచ్చు కానీ జీడి పని పోతుందేమో, దోషం ఉంది కాబట్టే పారిపోయిందనే మాట పుడుతుంది. ఆయనకి బాగాలేనప్పుడు రాత్రిళ్ళు వచ్చి కూర్చున్నదీ, అన్నం వండి తెచ్చిందీ ఈ సంఘం ఆడవాళ్ళేనని, మా చుట్టాలు ఒక్కరూ తొంగిచూడలేదని రాశారు. అది నిజమైన ఋణం. అందుకే వదిలేసి పొండి అని నేను తేలిగ్గా అనలేకపోతున్నాను. నన్నడిగితే ఈ ఏడాదికి రెండో దారి పట్టమంటాను, అక్కడే ఉండి సాక్ష్యం చెప్పకపోవడం. అన్నం తెచ్చిన ఆ ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు మీలాగే భర్తని పోగొట్టుకున్నవాళ్ళు ఉండే ఉంటారు, వాళ్ళతో విడిగా, మైకు లేకుండా మాట్లాడి చూడండి.

అత్తగారి గురించి ఒక్క మాట. ఆవిడ కొడుకుని పోగొట్టుకుంది. ఆ రెండు డయాలసిస్‌లు మాన్పించినప్పుడు ఆవిడ కూడా ఔనంది. మీ తప్పు కాకపోతే ఎవరిదన్న ప్రశ్న ఆవిడకి రాత్రిళ్ళు వస్తూనే ఉంటుంది, అందుకే మిమ్మల్ని వదలడం లేదేమో. దీన్ని ఆవిడతో అనకండి. మీకు తెలిసి ఉంటే ఆ మాటలు కొంచెం తక్కువ గుచ్చుకుంటాయని రాస్తున్నాను, భరించమని కాదు. పాపకి మాత్రం సూటిగా చెప్పండి, నాన్నకి కిడ్నీలు పాడైపోయాయి, డాక్టర్లూ అమ్మా చేయగలిగిందంతా చేశారు, నువ్వు చేసిందేమీ లేదు అని. ఆ వయసు పిల్లలు తాము అల్లరి చేసినందుకే నాన్న పోయాడని లోలోపల అనుకుంటూ ఉంటారు.

చివరిది. మీ తలనొప్పికి కొట్లో పెయిన్ కిల్లర్ బిళ్ళలు కొని వేసుకుంటున్నానని ఎక్కడో మధ్యలో రాసి వదిలేశారు. మీరుంటున్నది ఉద్దానం, ఆ బిళ్ళలు చాలావరకు కిడ్నీలకి మంచివి కావు, ఆపేసి తలనొప్పి సంగతి కూడా ఆ డాక్టరుగారికే చెప్పండి. మీకు క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేశారో రాయలేదు. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు రక్తం ఇచ్చి రండి, రిపోర్టు ఎంత వచ్చిందో నాకు రాయండి.